ఉబ్బని సబ్జా

పెద్దమందడిలో హాజిరాకు ఒక పేరుంది. ఆమె చేతిలో ఏది పెట్టినా బ్యాంకులో పెట్టినట్టేనని వాడకట్టంతా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా హాజిరా ఒక అంగుళం పొడుగైపోయేది.

అందుకే పక్కింటి కిష్టమ్మ తన కొలంబైన్ గింజల్ని తెచ్చి ఆమెకే అప్పగించింది. కొలంబైన్ చలిప్రాంతపు పువ్వు. కిష్టమ్మ చెల్లెలి కొడుకు గోపి మిలిట్రీలో ఉంటాడు, హిమాచల్ నుంచి విత్తనాల పొట్లం తెచ్చిచ్చాడు. మన ఎండలకు అది బతకదని ఇచ్చినవాడే చెప్పాడు. కిష్టమ్మ ఎవరి మాట విన్నది కనుక! స్నానాల గది వెనక నీడలో నానా తంటాలూ పడితే, పోయినేడు చలికాలంలో ఒకే ఒక్క మొక్క పూసింది. నీలం పువ్వు, తల కిందికి వేలాడేసుకుని, వెనక సన్నటి తోకలతో. దాని మొహం చూడాలంటే మనమే కింద కూర్చోవాలి. హాజిరా కూడా మోకాళ్ళ నొప్పి మరిచి కూర్చుని చూసింది.

ఎండలు ముదరగానే ఆ మొక్క మాడిపోయింది. మిగిలినవి దాని గింజలే. మళ్ళీ చల్లబడేదాకా వాటిని చలిలో ఉంచాలి. భర్త పోయాక ఒక్కతే బతుకుతున్న కిష్టమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. నల్లగా, నున్నగా మెరిసే ఆ గింజల్ని ఒక చిన్న డబ్బాలో పోసి తెచ్చి, హాజిరా ఫ్రిజ్‌లో కిష్టమ్మే పెట్టింది. నువ్వున్నవు గనక నాకు రంది లేదని చెప్పి వెళ్ళింది.

రంజాన్ వచ్చింది. రోజూ ఇఫ్తారుకు హాజిరా గులాబీ షర్బత్ కలిపి, అందులో సబ్జా గింజలు వేసి, మొదటి గ్లాసు గోడమీదుగా కిష్టమ్మకు అందించేది. అది ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆరోజు ఉపవాసపు నీరసం ఒకటి, కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మరిచిన చిరాకొకటి. ఫ్రిజ్‌లో చేతికందిన డబ్బాను సబ్జా డబ్బా అనుకుని తీసి గింజలు నానేసింది. అవి ఎంతకీ ఉబ్బలేదు. సబ్జా అయితే ఈపాటికి తెల్లగా పొంగిపోవాలి కదా! దుకాణం తిరుపతయ్య పాతసరుకు అంటగట్టాడని నోరారా తిట్టి, డబ్బా మొత్తం షర్బత్‌లో బోర్లించింది. పాపం, తిరుపతయ్యకు ఆ సాయంత్రం పొలమారే ఉంటుంది.

గ్లాసు అందుకున్న కిష్టమ్మ రెండు నిమిషాల్లో దానితోనే పరుగున వచ్చింది. హాజిరా భర్త ఫకీర్ అప్పుడే ఖర్జూరం నోట్లో వేసుకుని షర్బత్ ఎత్తబోతున్నాడు.

"తాగకున్రి. అవి తినేటివి కావంట, గోపి చెప్పిండు," అన్నది కిష్టమ్మ. తర్వాత హాజిరా వైపు తిరిగి, గ్లాసు అడుగున పేరుకున్న నల్లటి గింజల్ని చూపించింది. "నా పూలను నాకే తాపుతున్నవా అక్కా?"

హాజిరాకు తల కొట్టేసినట్టయింది. కిష్టమ్మ అరిచినా బాగుండేది. గ్లాసు అక్కడ పెట్టి ఊరికే వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆమె గోడ దగ్గరికి రాలేదు. షర్బత్ గ్లాసు గోడమీద పెడితే పెట్టినట్టే ఉండిపోయేది. ఇంత చిన్నదానికి పరేషాన్ ఎందుకని ఫకీర్ అంటే హాజిరా ఆయన మీద విరుచుకుపడింది. పోయింది గింజలేనా? తనను నమ్మి వచ్చిన మనిషి పోయింది. ఆ దిగులుతో ఆమెకు తెల్లవారుజామున తినే సహరీ ముద్ద కూడా దిగేది కాదు.

అయితే కిష్టమ్మ గ్లాసు పెట్టి వెళ్ళిన సాయంత్రమే ఆమె ఒక పని చేసింది. షర్బతంతా పాత ఓణీలో వడకట్టి, గింజల్ని తీపి పోయేదాకా కడిగింది. నానిన గింజ మళ్ళీ దాచడానికి పనికిరాదు. బయట చూస్తే మాడు పగిలే ఎండ. ఇంట్లో చల్లటి చోటు ఒక్కటే, వసారాలో రంజన్ కింద ఎప్పుడూ తడిగా ఉండే ఇసుక. ఆ మంచినీళ్ళ కుండ దగ్గరికి ఆమె ఎవరినీ చెప్పులతో రానివ్వదు. గింజల్ని ఆ ఇసుక మీద చల్లింది. వాటికి వెలుతురు కావాలని, మట్టి కప్పొద్దని కిష్టమ్మ ఎప్పుడో చెప్పింది గనక కప్పలేదు. రోజూ పొద్దున వంగి చూసేది, ఏమీ కనిపించేది కాదు.

ఈద్ వెళ్ళిన కొన్నాళ్ళకు ఇసుకలో పచ్చగా ఏవో లేచాయి. గడ్డో, గింజో ఆమెకు తెలియలేదు. సిగ్గు చంపుకుని కిష్టమ్మ తలుపు తట్టింది.

కిష్టమ్మ వచ్చి రంజన్ ముందు కూలబడింది. మూడేసి రెబ్బలుగా చీలిన చిట్టి ఆకును వేలితో ముట్టుకుంది.

"అవేనా?" అడిగింది హాజిరా.

"అవే."

హాజిరాకు ఏడుపొచ్చింది. ఇసుకతో సహా ఎత్తుకుపొమ్మని తట్ట కూడా తెచ్చింది. కిష్టమ్మ తట్టను పక్కకు నెట్టింది.

"గీ ఎండల కదిలిస్తె వేరు తెగి సస్తయి. ఈడనే ఉండనీ. జర నువ్వే చూస్కో."

"మళ్ల నా చేతులనే పెడ్తున్నవా, చెల్లె?"

"ఇంకెవరున్నరక్కా నాకు," అన్నది కిష్టమ్మ, మొలకల మీంచి చూపు తిప్పకుండానే.