షారోన్ ఇంటి ముందు టెంటు

మరియమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక్క మాటకే నోరు తిరగదు. "వద్దు" అనే మాట. గుమ్మంలో ఎవరి నీడ పడ్డా "రండి, కూర్చోండి, కాఫీ తాగుతారా" అని మూడూ ఒక్క ఊపిరిలో అనేసేది. అందుకే డాక్టరు చెప్పింది విన్నాక, ఆమెకు కూతురి జబ్బంటే ఎంత భయమేసిందో వీధి జనమంటే అంత భయమేసింది.

పదహారేళ్ళ షారోన్‌కి బ్లడ్ క్యాన్సర్. మొదటి విడత మందెక్కించాక ఒంట్లో తెల్ల కణాలు అడుగంటిపోయాయి. "అవి మళ్ళీ పెరిగేదాకా చిన్న జలుబు తగిలినా ప్రాణం మీదికొస్తుందమ్మా. ఇంట్లోకి ఎవరినీ రానివ్వకండి," అన్నాడు డాక్టరు.

చెప్పడానికేం, తేలికే. ఆయన తార్నాకలో ఉండడు.

ఆ వీధిలో జబ్బుపడ్డవాళ్ళను చూడ్డానికి వెళ్ళకపోతే పగబట్టినట్టే లెక్క. పక్కింటి కాత్యాయనిగారు బత్తాయిలు పట్టుకుని వచ్చింది. చర్చి స్త్రీల సమాజం మొత్తం మంచం చుట్టూ చేరి ప్రార్థన చేసింది. వచ్చిన ప్రతివాళ్ళూ షారోన్ పక్కనే కూర్చుని, బుగ్గ నిమిరి, వెళ్తూ వెళ్తూ మరియమ్మ చెవిలో అదే మాట చెప్పారు. "ఎవరినీ రానివ్వకమ్మా. బయటివాళ్ళు అస్సలు మంచిది కాదు."

మరియమ్మ భర్త ప్రభుదాసు బడిలో లెక్కల మాస్టారు. ఆయన తలుపుకి "దయచేసి లోపలికి రావద్దు" అని కాగితం అంటించాడు. అదెందుకు అంటించారో కనుక్కోవడానికి ఇంకో నలుగురు లోపలికొచ్చారు.

"అమ్మా, నా జబ్బయినా తగ్గుతుందేమో గానీ ఈ బత్తాయిలు తగ్గవే," అంది షారోన్ మాస్కులోంచి.

మరియమ్మ వాళ్ళుండేది మేడ మీద. ఆ పైన డాబా గదిలో బిక్షపతి అద్దెకుండేవాడు. ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మే. చదువుతున్నాడని పేరే గానీ, తెలంగాణ కోసం సకలజనుల సమ్మె మొదలయ్యాక పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు ఉపన్యాసం, మధ్యాహ్నం రాస్తారోకో, అదీ అతని చదువు. బిందె పట్టుకుని దిగుతుంటే మెట్ల మీద మరియమ్మ కళ్ళొత్తుకుంటూ కనపడింది.

"ఏంది ఆంటీ, ఏమైంది?"

మరియమ్మ అంతా చెప్పింది.

"గింతేనా? బస్సులే ఆపినం, రైళ్ళే ఆపినం. గీ బత్తాయిలోళ్ళెంత ఆంటీ! ఆపుడు పని మాకిడిసిపెట్టుండ్రి."

మర్నాటికల్లా గేటు ముందు టెంటు లేచింది. క్యాంపస్ కుర్రాళ్ళు వంతులేసుకుని కూర్చున్నారు. ఎవరొచ్చినా లేచి నమస్తే పెట్టి, కుర్చీ వేసి, "పాప మంచిగున్నది. మీరొచ్చిండ్రని చెప్తం. పండ్లు గాడ పెట్టుండ్రి," అనేవారు. ఆ పండ్లు పైకి పోయేవి కావు. నిరాహార దీక్ష టెంట్లు చూసీ చూసీ అలవాటుపడ్డ వీధి, పొద్దస్తమానం బత్తాయిలు ఒలుచుకు తినే టెంటును చూడ్డం అదే మొదలు.

షారోన్‌కి జ్వరం రాలేదు. మరియమ్మకు కాస్త కంటి మీద కునుకు పట్టింది.

కానీ టెంటన్నాక దానికి జెండా ఉంటుంది, ప్రభుదాసన్నాక ఆయనకు సొంతూరు తెనాలి ఉంటుంది. వీధి చివర్నుంచి చూసినవాళ్ళకు కనపడింది ఒక్కటే. ఆంధ్రావాళ్ళ ఇంటి ముందు ఉస్మానియా కుర్రాళ్ళు కూర్చుని ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. ఆ కబురు అంబర్‌పేట్ చేరేసరికి "ఇల్లు ముట్టడించారట" అయింది. తెనాలి చేరేసరికి "కుటుంబాన్ని బంధించారట" అయింది.

తెనాలిలో ప్రభుదాసు అక్క ఎస్తేరమ్మ ఉంది.

పెళ్ళైన నాటి నుంచీ ఈ ఆడబిడ్డంటే మరియమ్మకు హడలు. ఆమె ముందు కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. అలాంటి ఎస్తేరమ్మ బస్సుల్లేని రోజుల్లో లారీలో కొంత, ఆటోలో కొంత వచ్చి, అంబర్‌పేట్ నుంచి వానలో నడిచి, గొడుగును కర్రలా ఎత్తిపట్టుకుని టెంటు మీదికొచ్చింది. ప్రభుదాసు మందుల కోసం వెళ్ళాడు, ఇంట్లో లేడు.

"ఎవర్రా నా తమ్ముణ్ణి బంధించింది?"

బిక్షపతి లాఠీలకు ఎదురు నిలబడ్డవాడే. "బంధించలే పెద్దమ్మా! పాపకు జలుబంటద్దని..."

"నీ తెలంగాణ నువ్వు తీసుకో నాయనా, నేనేం అడ్డం రాను. నా మేనకోడల్ని నాకు చూపించు!" అని భోరుమంది ఎస్తేరమ్మ. ఆ వెంటనే టెంటు గుడ్డ అదిరేలా తుమ్మింది.

కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బస్సులు ఆపింది తామే. ఈ పెద్దావిడ తడిసింది తమవల్లే. బిక్షపతి గేటు తీసి, పైన నిలబడ్డ మరియమ్మకు దణ్ణం పెట్టాడు. "నాతోని కాదు ఆంటీ. మా అమ్మ యాదికొస్తున్నది."

ఎస్తేరమ్మ మెట్లెక్కుతోంది. ఇంకో తుమ్ము.

"రండి వదినగారూ, కూర్చోండి" అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మరియమ్మ దాన్ని మింగేసి, మెట్టుకి అడ్డంగా చతికిలబడి, రెండు చేతులూ చెరో గోడకీ ఆనించింది.

"ఆగండి."

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

"మీతోనే వదినగారూ. వద్దు. పైకి రావద్దు."

"నేను బయటిదాన్నటే?"

"మీకు జలుబు. జలుబుకి చుట్టరికం తెలీదు. అది అంటిందంటే పిల్ల నాకు దక్కదు." చేతులు గోడ వదల్లేదు. "తిట్టాలంటే తిట్టండి. నన్ను దాటి మాత్రం పోలేరు."

కింద బిక్షపతి, పాపం అలవాటైన నోరు, "మరియమ్మ ఆంటీ నాయకత్వం..." అనేశాడు.

"వర్ధిల్లాలి!" అన్నారు కుర్రాళ్ళు.

పై కిటికీలోంచి షారోన్ తొంగిచూసింది. "అత్తా, అక్కణ్ణుంచే తిట్టు! నాకు బాగా వినపడుతుంది."

ఎస్తేరమ్మ తలెత్తి, మందుకి జుట్టు రాలిపోయిన పిల్ల గుండు చూసింది. గొడుగు దించి, మెల్లగా మెట్లు దిగి, టెంట్లో కూర్చుంది.

తెనాలికి తిరిగి పోలేదు. పక్కింటి కాత్యాయనిగారి వరండాలో పడక, పొద్దున్నే టెంట్లో కాపలా. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే, "ఇక్కణ్ణుంచి చేసినా ప్రభువు వింటాడండీ," అని ఆవిడే ఆపేసింది.

ఆ పై వారం రక్తపరీక్షలో కణాలు పెరిగాయి. రెండో విడత మందు మొదలుపెడదామన్నారు. "బాగవుతుందాండీ?" అని ప్రభుదాసు అడిగితే, "ఈ గండం గడిచింది మాస్టారూ. ఇంకా ఉన్నాయి," అన్నాడు డాక్టరు.

మరియమ్మ కిందికొచ్చి, "జలుబు తగ్గిందిగా వదినగారూ. మాస్కు కట్టుకుని పైకి రండి," అంది.

ఎస్తేరమ్మ గబగబా సగం మెట్లెక్కి, ఆగి, గొంతు సవరించి చూసుకుంది. "వద్దులే. ఇంకా గరగరలాడుతోంది," అని అక్కడే కూలబడి, పక్కన చోటు చూపించింది. "నిలబడ్డావేం? కూర్చో."

మరియమ్మ కూర్చుంది.

"షారోనూ! ఏం తిన్నావే?"

"ఇడ్లీ!" అంది పైనుంచి గొంతు.

"ఎన్ని?"

"ఒకటి."

"ఇంకోటి తిను. నమిలే చప్పుడు నాకిక్కడికి వినపడాలి."

ఇద్దరూ మెట్టు మీద చెవులు రిక్కించి కూర్చున్నారు.