అభిప్రాయాల దొంగ

లెక్కల మాస్టారు కొత్త చొక్కా ట్రయల్ వేసుకుని అద్దం ముందు నిలబడి, నా ముప్పై ఏళ్ళ పరువుని ఒక్క మాటతో తీసేశాడు.

"ఏమయ్యా, ఈమధ్య ఆదివారం పేపరు బాగా చదువుతున్నట్టున్నావే!"

నేనప్పుడు ఆయన భుజం కుట్టు దగ్గర గుండుసూది పెడుతున్నాను. "నాకు పేపరు చదివే తీరిక ఎక్కడిది మాస్టారూ?" అన్నాను.

"మరి ఇందాక ఆ పాత పోస్ట్‌మాన్ సినిమా గురించి చెప్పావే, హీరో ఆ ఉత్తరాన్ని దాచింది త్యాగంతో కాదు, పిరికితనంతో అని. పొల్లుపోకుండా అదే మాట మొన్న పేపర్లో పడింది. కాపీ కొడితే కొట్టావులే. ఫలానా వాళ్ళన్నారని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

సూది ఆయన భుజంలో దిగింది. పొరపాటున దిగిందని ఆయన అనుకున్నాడు. నేను కాదనలేదు.

నా సంగతి కాస్త చెప్పాలి. నేను దర్జీని. మా ఎదురుగా రెడీమేడ్ బట్టల దుకాణం తెరిచినప్పటి నుంచి చొక్కా కుట్టించుకునేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. అయినా సాయంత్రమయ్యేసరికి నా బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరుతున్నారంటే అది నా కత్తెర గొప్ప కాదు, నా నోటి గొప్ప. కొత్త సినిమా వచ్చిందంటే నేనేమంటానో విన్నాకే టిక్కెట్టు కొనేవాళ్ళు ఈ వీధిలో చాలామంది ఉన్నారు. వచ్చినవాళ్ళు ఊరికే పోలేక ఒక ప్యాంటు బిగించమనో, ఒక జిప్పు మార్చమనో ఇచ్చిపోతారు. ఆ మాటలు ఆగితే నా మిషను కూడా ఆగుతుంది.

పాతవన్నీ బంగారం అనేవాళ్ళతో నాకు పడదు. పాతవాటిలోనూ కావలసినంత రేకు ఉంది. హీరో తల్లి మొదటి పాటలో దగ్గిందంటే రెండో పాటకి ఫోటోకెక్కుతుందని థియేటర్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కొత్తవన్నీ చెత్త అనేవాళ్ళతో అసలే పడదు. మొన్నీమధ్య వచ్చిన దయ్యం సినిమా చూడండి. ఆ కోడలు దయ్యానికి భయపడలేదు, అత్తగారికి భయపడింది. దయ్యాన్ని తీసేసినా ఆ కథ నడుస్తుంది. అదే, అందరూ నెత్తిన పెట్టుకున్న యుద్ధం సినిమాలో వెయ్యిమంది చచ్చారు, ఒక్కడికీ పేరు లేదు. పేరు లేనివాడి కోసం నేనెందుకు ఏడవాలి? ఇలాంటివి చెప్పేవాణ్ణి. జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

అలాంటి నన్ను కాపీగాడంటాడా?

ఆ పేపరు తెప్పించాను. పాత సంచికలు కూడా తెప్పించాను. సినిమా పేజీలో, అడుగున, అరచేయంత డబ్బాలో "వెనక వరుస" అనే శీర్షిక. రాసినవాడి పేరు లేదు, "మీలో ఒకరు" అని మాత్రం ఉంది. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. దగ్గే తల్లి ఉంది. అత్తగారి దయ్యం ఉంది. పేరు లేని వెయ్యిమంది ఉన్నారు. అన్నీ నా బల్ల మీద పుట్టిన మాటలే. ఎవడో నా దగ్గర కూర్చుని, నా టీ తాగి, నా మాట మూట కట్టుకుపోయి అచ్చు వేయించుకుంటున్నాడు. పైగా కాపీగాణ్ణి నేనట!

ఆ రోజు నుంచి నా షాపులో ఎవరు నోరు మూసుకుని కూర్చున్నా నాకు దొంగలాగే కనపడ్డారు. చివరికి ముగ్గుర్ని తేల్చాను.

మొదటివాడు లెక్కల మాస్టారే. జేబులో ఎప్పుడూ చిన్న నోటుబుక్కు ఉంటుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నింద ముందు తనే వేస్తే తన మీదకి రాదని తెలిసిన మనిషి. రెండోవాడు పక్కనున్న ఫోటో స్టూడియో ఆయన. మా రెండు షాపులకీ మధ్య ఉన్నది చెక్క గోడ. నేను తుమ్మితే అటువైపు నుంచి ఆయన చిరంజీవ అంటాడు. మూడోవాడు మా బావమరిది. థియేటర్లో టిక్కెట్ల కౌంటర్లో పని. రోజూ డ్యూటీకి ముందు నా దగ్గర టీ తాగి వెళ్తాడు. పైగా నా కొలతల చీటీలు ఈమధ్య కట్టలో తగ్గిపోతున్నాయి. నడుం, ఛాతీ, చెయ్యి పొడవు రాసుకునే ఆ చీటీలు నేను లెక్కపెట్టి కోసినవి. ఒకరోజు అదే చీటీ వెనక మా బావమరిది ఏదో గీకుతూ దొరికాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను," అన్నాను వాడి చేతిలోంచి చీటీ లాక్కుని.

"బల్బు, సబ్బు, బ్లేడ్లు" అని ఉంది.

"ఏంటి బావా నీ బాధ?" అన్నాడు వాడు. నేను విషయం చెప్పాను. వాడు తెల్లబోయాడు. "నాకు ప్రేమలేఖ రాయడమే చేతకాక నీ చేత రాయించుకున్నాను. నేను పేపరుకి రాస్తానా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావేం?"

వాడు గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. టీ సగం అలాగే ఉంది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మా ఆవిడ తెర వెనక కూర్చుని కాజాలు కుడుతుంది. మా మాటలన్నీ ఆవిడ చెవిన పడే ఉంటాయి. "మీ తమ్ముడికి ఉలుకెక్కువ," అన్నాను. ఆవిడ దారం కొరికి, "వాడికి మీరంటే ప్రాణం," అని మాత్రం అంది.

అప్పుడు వల పన్నాను.

సోమవారం మా షాపుకి సెలవు. మ్యాట్నీకి నేనూ మా ఆవిడా వెళ్తాం. ఆవిడకది కాలక్షేపం, నాకు పని. ఆ వారం వచ్చింది ఒక లిఫ్టు నడిపే అతని కథ. పాతికేళ్ళు అందర్నీ పైకీ కిందకీ మోసి, తను మాత్రం ఏ అంతస్తులోనూ దిగనివాడు. బాగుంది. కానీ ఇంటికి నడిచి వస్తుంటే, బేకరీ మలుపు దగ్గర నాకొక సంగతి తట్టింది. మొదటి సగంలో వాడి చెల్లెలు అలిగి ఇల్లు వదిలి వెళ్తుంది. రెండో సగంలో ఆ పిల్లని వాడూ వెతకడు, కథ రాసినవాడూ వెతకడు. ఇద్దరూ మరిచిపోయారు. ఆ మాటని నాలుక కింద దాచుకున్నాను.

మర్నాడు మాస్టారికి చెప్పాను, సంగీతం మరీ మోత అని. స్టూడియో ఆయనకి చెప్పాను, ఇంటర్వెల్ తప్పు చోట పడిందని. థియేటర్‌కి పనిగట్టుకుని వెళ్ళి, మొహం తిప్పుకున్న బావమరిదికి కౌంటర్ కంతలోంచి చెప్పాను, హీరోకి వయసు ఎక్కువైందని. మూడూ అబద్ధాలే. మూడింటిలో ఏది అచ్చయితే అది విన్నవాడే దొంగ. వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కత్తిరించాను.

ఆదివారం పేపరు రాగానే నిలబడే చదివాను. సంగీతం లేదు. ఇంటర్వెల్ లేదు. హీరో వయసు లేదు.

"ఇల్లు వదిలి వెళ్ళిన ఆ చెల్లెల్ని అన్న వెతకలేదు, కథ రాసినవారూ వెతకలేదు. తప్పిపోయిన ఆడపిల్లని ఇద్దరు మగవాళ్ళు ఇంత తేలిగ్గా మరిచిపోగలరని నేను అనుకోలేదు."

 నేను పెదవి కదిపి ఎవరితోనూ అనని మాట అది. షాపు వెనక గదిలోకి వెళ్ళాను. మా ఆవిడ కిటికీ పక్కన పెళ్ళివాళ్ళ కోటుకి గుండీలు కుడుతోంది.

"ఈ మాట నేను ఎవ్వరికీ చెప్పలేదే! మాస్టారికి చెప్పలేదు, స్టూడియో ఆయనకి చెప్పలేదు, మీ తమ్ముడికి చెప్పలేదు."

"నాకు చెప్పారా?"

"నీకూ చెప్పలేదు."

"అవును, చెప్పలేదు," అంది సూది మీంచి కళ్ళెత్తకుండా. "నేనే మీకు చెప్పాను. బేకరీ మలుపు దగ్గర. మీరు 'ఊఁ' అన్నారు."

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఆవిడ లేచి గుండీల డబ్బా దింపింది. గుండీల కింద మడతపెట్టిన చీటీలు, నా కొలతల చీటీలు. ఒకవైపు నా రాత, నడుం ముప్పై ఆరు, చెయ్యి ఇరవై నాలుగు. రెండోవైపు ఆవిడ రాత. పోస్ట్‌మాన్, దయ్యం, యుద్ధం. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆ మాట నేను మొదట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. అత్తగారి సంగతి సైకిలు షాపు ముందు. పేరు లేని వెయ్యిమంది వాన పడుతుంటే ఒకే గొడుగులో. నడిచేది ఇద్దరం, మాట్లాడేది ఆవిడ. తెల్లారేసరికి అవి నావైపోయేవి. నేను దొంగతనం చేస్తున్నానని నాకే తెలియదు. నమ్మితే నమ్మండి.

అయినా ముందు కోపమే వచ్చింది. "నువ్వు రాస్తున్నట్టు నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా? ఊరందరి ముందూ నన్ను వెధవని చేశావు!"

అప్పుడు కళ్ళెత్తింది.

"మాస్టార్ని అనుమానించారు. గోడవతలి మనిషిని అనుమానించారు. మా తమ్ముణ్ణి దొంగన్నారు. ఇంతమందిని అనుమానించిన మీకు నా మీద ఒక్కసారైనా అనుమానం రాలేదు. మీ వెనకే కూర్చుంటాను కదా, అన్నీ వింటాను కదా, చదువొచ్చిన దాన్ని కదా. రాలేదు. అది చూసి నేను సంతోషించాలా?"

నేను చీటీలన్నీ మడిచి డబ్బాలో పెట్టాను. 

సాయంత్రం థియేటర్‌కి వెళ్ళి కౌంటర్ ముందు క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, "తప్పు నాదిరా, టీకి రా," అన్నాను. "ఎన్ని టిక్కెట్లు?" అన్నాడు బావమరిది. "రేపటి మ్యాట్నీకి రెండు," అన్నాను. "ఒకటి మా కాలమిస్టుకి." వాడికప్పుడే అర్థమైంది. కౌంటర్ బద్దలయ్యేలా నవ్వాడు.

సోమవారం చూసింది ఒక రిటైరైన బస్సు డ్రైవర్ కథ. బయటికొచ్చాక నేను ఎదురుచూశాను. సైకిలు షాపు దాటింది, బేకరీ మలుపు దాటింది. ఆవిడ నోరు విప్పలేదు.  నేనేమనుకున్నానో నాకే తెలియదని అప్పుడు తెలిసింది. ఇంటి మెట్లు ఎక్కుతుంటే, భయపడుతూ ఒక్కటి చెప్పాను.

"ఆ డ్రైవర్ చొక్కాకి రెండో గుండీ ఉంది చూశావా? మొదట్లో తెల్లదారంతో, ముడి లోపలికి పెట్టి కుట్టి ఉంది. రెండో సగంలో నల్లదారం, ముడి పైకి తేలింది. అది వాడే కుట్టుకున్నాడు. భార్య పోయిందని పావుగంట తర్వాత చెప్పారు గానీ, ఆ గుండీ ముందే చెప్పింది."

ఆవిడ తాళం తీయడం ఆపి నావైపు చూసింది. "నేను చూడలేదు," అంది.

ఆదివారం పేపరు విప్పాను. మొదటి వాక్యాలే ఇవి: "ఈ సంగతి నేను పట్టుకున్నది కాదు. మావారు చూసి చెప్పారు. ఆయన దర్జీ."

పది మాటలు. ముప్పై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా అనలేకపోయినవి, నాకు ఆవిడ మొదటి వారమే ఇచ్చేసింది. సిగ్గుతో ఆ పేపరు మళ్ళీ మడిచేశాను.

మంగళవారం లెక్కల మాస్టారు పేపరు ఊపుకుంటూ వచ్చాడు. "ఎవరో దర్జీ అటయ్యా! నీకు తెలుసా?"

"నేనే మాస్టారూ. రాసేది మా ఆవిడ. ఇన్నేళ్ళూ మీరు ఈ బల్ల దగ్గర విన్నవీ ఆవిడవే."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "అంటే నేనన్నది నిజమేనన్నమాట. కాపీ!"

"కాపీయే," అన్నాను టేపు ఆయన మెడ చుట్టూ వేస్తూ. "ఫలానా వాళ్ళన్నారని ఇవాళ చెబుతున్నాను. కొత్త సినిమా గురించి మా ఆవిడ ఏమందంటే..."