ముందొచ్చిన కేక

చక్రం మీద సుత్తితో ఒక్కటిచ్చి చెవి ఒగ్గాడు దానయ్య. ఖంగుమంది. పర్వాలేదు. పక్కదాన్ని కొడితే మోత మధ్యలోనే చచ్చిపోయింది. దాని మీద సుద్దతో అడ్డంగా గీత గీసి ముందుకు జరిగాడు. రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే షాపులో ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. పొట్టి మనిషి, నూనె ఇంకిపోయిన గోళ్లు. ఆయన సెలవు పెట్టినా ఎవరూ అడిగేవారు కాదు.

సాయంత్రం ఐదున్నరకి మాత్రం డబ్ల్యూఆర్ఎస్ కాలనీ బాస్కెట్‌బాల్ కోర్టులో ఆయన మాటంటే మాటే. మోకాలికి పట్టీ బిగించి విజిల్ మెళ్లో వేసుకుంటే మనిషే మారిపోయేవాడు. తగలకుండానే తగిలినట్టు పడిపోయి ఫౌలు కొట్టేద్దామనుకునే వాళ్ల పప్పులు ఆయన దగ్గర ఉడికేవి కావు. ఆయన లెక్క ఒకటే: నిజమైన దెబ్బయితే దెబ్బ ముందు, కేక తర్వాత. నాటకమైతే కేకే ముందొస్తుంది. ఇరవై ఏళ్లలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదని ఆయనకు గర్వం కూడానూ!

ఆ రోజు ఆడపిల్లల సెమీఫైనల్. కాలనీ జట్టుకీ సిల్తారా జట్టుకీ పోటీ. ఆటగాళ్లకిచ్చే రైల్వే ఉద్యోగాల కోసం పిల్లల్ని ఎంచడానికొచ్చిన ఇద్దరు పెద్దమనుషులు గీత పక్కన కుర్చీల్లో ఉన్నారు. వాళ్ల కళ్లన్నీ కాలనీ పిల్ల పూర్ణిమ మీదే. ఆమెకిది మూడో ప్రయత్నం. ఈసారీ తప్పితే ఆట మానేసి ఉర్లాలో ప్యాకింగ్ పనికి పోవాలని ఇంట్లో తేల్చేశారు. చివరి పది నిమిషాల ఆట మొదలయ్యేసరికి ఆమె మీద నాలుగు ఫౌళ్లున్నాయి. ఐదోది పడితే బయటికే.

పూర్ణిమ బంతితో దూసుకొచ్చింది. దానయ్యకు కేక వినిపించింది. ఆ తర్వాతే రెండు ఒళ్లు తగిలిన చప్పుడు. మధ్యలో ఇంకో పిల్ల వీపు అడ్డమై దెబ్బ కనబడలేదు. పూర్ణిమ వెల్లకిలా పడింది.

ఆయన తడుముకోలేదు. మోచేతి నుంచి చెయ్యి పైకెత్తి రెండుసార్లు ఆడించాడు. నాటకమని హెచ్చరిక. జట్టంతటికీ ఒక్కటే హెచ్చరిక. ఇంకోసారి అలా పడితే ఫౌలే.

అంతే, పూర్ణిమ ఆట చచ్చుబడింది. పడితే పోతానన్న భయంతో గుంపు దగ్గరికే వెళ్లడం మానేసింది. పక్కటెముకలు పట్టుకుని పరిగెత్తింది. కుర్చీల్లో వాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు.

టైమవుట్ ఇవ్వగానే పూర్ణిమ తల్లి సాయిలక్ష్మి తాడు దాటి వచ్చేసింది.

"అరిసింది నాను బావూ! మోచెయ్యి వొచ్చీడం సూసి నానే అరిసీసినాను. మా గుంట నోరే ఇప్పనేదు!"

అవును, ఆ గొంతే. ఆ పిల్ల పడ్డాక తనవైపు చూడను కూడా లేదు. నాటకమాడినవాళ్లు చూడకుండా ఉంటారా? ఛీ, ఎంత పని చేశాను!

దానయ్య స్కోరు రాసే బల్ల వైపు నడుస్తుంటే రెండో రిఫరీ చందు చెయ్యి పట్టుకున్నాడు. "మామా, ఛోడ్ దో, వదిలెయ్. ఇచ్చిన వార్నింగు వాపస్ తీసుకుంటే రేపట్నించి ఏ కోచ్ మన మాట ఇంటాడు? రూలూ ఒప్పుకోదు."

"రూలు నాకూ తెల్సురా. తప్పు నాది" అని కాగితం మీద హెచ్చరిక కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. సిల్తారా కోచ్ బల్ల గుద్దాడు. కమిటీ కార్యదర్శి యుగంధర్ మొహం గంటు పెట్టుకున్నాడు.

ఇంక నలభై సెకన్లు. పాయింట్లు సమానం. పూర్ణిమ మళ్లీ దూసుకొచ్చింది. ఎదుటి పిల్ల చెయ్యి గాలిలోనే ఉంది. "అమ్మా!" అని అరిచి పూర్ణిమ పడింది. పడి, దానయ్యవైపు చూసింది.

విజిల్ పెదాల మధ్యే ఉంది. ఒక్క ఊదు ఊదితే పాత తప్పు మాఫీ, పిల్లకి ఉద్యోగం. ఊదలేదు. చెయ్యెత్తి రెండుసార్లు ఆడించాడు. మొదటిది కొట్టేశాడు గనక ఇదీ హెచ్చరికే, ఫౌలు కాదు.

కాలనీ కాలనీ అంతా తిట్టిపోసింది. ఆట ఆగలేదు. బంతి సిల్తారా చేతికి పోయింది. పూర్ణిమ లేచి, కోర్టంతా వెంటపడి, బంతి లాక్కుని వెనక్కి తెచ్చి బుట్టలో వేసింది. గంట మోగింది. కుర్చీల్లోని పెద్దమనుషుల్లో ఒకాయన లేచి, రేపు సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మని ఆమెకు చెప్పాడు.

"ఎందుకలా పడ్డావే?" అన్నాడు దానయ్య తర్వాత.

పూర్ణిమ తల దించుకుంది. "ఒకపాలి తప్పు సేసీసినారు గదా తాతయ్యా, ఈపాలి నాకే ఇచ్చేస్తారనుకున్నాను."

"నాకూ అలాగే అనిపించిందే. అందుకే భయమేసింది."

యుగంధర్ దగ్గరికొచ్చాడు. మాట మాత్రం మెత్తగానే ఉంది. "దానయ్యగారూ, ఇక మీరు ఆరామ్ చెయ్యండి. రేపట్నించి కుర్ర రిఫరీల్ని పెట్టుకుంటాం."

"అలాగే బాబూ" అన్నాడు దానయ్య. విజిల్ చందు చేతిలో పెట్టి, చొక్కా మార్చుకుని, సైకిలు తోసుకుంటూ గేటు దాటాడు. మళ్లీ ఆ కోర్టులో ఎవరూ ఆయన్ని చూడలేదు.

బల్ల వెనక కుర్చీ మీద ఆరేసిన ఆయన మోకాలి పట్టీ అక్కడే ఉండిపోయింది, చెమటతో తడిసి, ఇంకా మోకాలి వంపుతోనే.