రాతి చేప దాటాక

దానయ్య ఎప్పుడు చెప్పినా కోట గుమ్మం దగ్గర్నుంచే మొదలుపెట్టేవాడు. మధ్యలోంచి అందుకోమంటే అతని వల్ల కాదు. కీమేను అలవాటది. స్పానరూ సుత్తీ భుజాన వేసుకుని, తన వంతు పట్టా మొదట్నుంచి చివరిదాకా రోజూ నడిచి, వదులైన బోల్టు బిగించేవాడు కీమేను. మధ్యలో మొదలుపెడితే ఏదో ఒకటి వదిలేస్తాడు.

వినేది పైడమ్మ. ఆదివారం పొద్దుట రాయపూర్ గ్యాంగు కోటేర్ల ముందు అరుగు మీద కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ వినేది. పక్కన ఆమె అత్త సూరమ్మ చుట్ట కాల్చుకునేది. మరిది సూర్యారావు గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. రైల్వే ఇచ్చిన ఆ ఇళ్లలో ఉన్నవాళ్లంతా బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లే.

పైడమ్మ మొగుడు పరదేశి కూడా కీమేనే. దానయ్యది ఒక బీటు, పరదేశిది దాని పక్క బీటు. యుద్ధం రోజుల్లో పట్టాలు వేసేవాళ్లు కావాలని మిలిటరీ వాళ్లు అడిగితే ఇద్దరూ పేర్లిచ్చారు. ధర్సీవా గ్యాంగు నుంచి వెంకటస్వామి కూడా కలిశాడు. ముగ్గుర్నీ ఎడారికి తీసుకెళ్లారు. అక్కడ ఇసకలో పట్టాలు పరుస్తుంటే జర్మనీ వాళ్లకి దొరికిపోయారు. ఇటలీలో ఒక ఏడాది కంచెల్లో ఉంచి, తరవాత రైలెక్కించి జర్మనీ తీసుకుపోయారు. ముగ్గురు వెళ్తే దానయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. వచ్చి రెండేళ్లయింది.

పరదేశి కేంపులో జ్వరమొచ్చి పోయాడని దానయ్య చెప్పాడు. సూరమ్మ నేల మీద తల కొట్టుకుని ఏడ్చింది. పైడమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"ఆ ఎర్ర తువ్వాలు ఏటయిపోనాది?"

వెళ్లేముందు గోల్ బజార్‌లో ఆమే కొనిచ్చిన తువ్వాలు. తెలీదన్నాడు దానయ్య. పోనీ పెనిమిటి నడిచిన ఊళ్లన్నా చెప్పమంది ఆమె. అలా మొదలైందది.

మొదట రెండూళ్లు చెప్పాడు. ఒక ఊరి చుట్టూ గోడ ఉంది, ఆ గోడ మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవొచ్చు. ఇంకో ఊళ్లో నది, దాని మీద రాతి వంతెన, వంతెన గోడల మీద రాతి మనుషులు వానలో తడుస్తూ నిలబడి ఉంటారు. ఆ ఊళ్లలో ఎక్కువ రోజులు లేరు. ఉన్నది మూడో ఊళ్లో. దాని పేరు దానయ్యకి నోరు తిరగలేదు. రాతి ఊరు అనేవాడు.

రాతి ఊరికి ఆవల కేంపు, ఈవల స్టేషను. రోజూ పొద్దుట ఖైదీలను ఊరి మధ్యలోంచి నడిపించి పట్టాల పనికి తీసుకెళ్లేవారు. కోట గుమ్మం కింద దూరితే పైన ఇనప పళ్ల తలుపు వేలాడుతూ ఉంటుంది. దాటితే దారంతా రాళ్లు, బన్ను రొట్టెలు వరసగా పేర్చినట్టు. ఎడమకి తిరిగితే తోలు పనివాళ్ల వీధి. ఇళ్లు ఒకదాని మీదకి ఒకటి ఒరిగి ఉంటాయి. గోడల్లో దూలాలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నులక మంచం అల్లినట్టుంటాయి. అక్కడ్నుంచి ఏడు పట్టాల పొడవు నడిస్తే గడియారం గోపురం. మధ్యాన్నం పన్నెండు కొట్టేసరికి పైనుంచి ఇత్తడి మనిషొకడు బయటికొచ్చి సుత్తితో గంట కొడతాడు. ఆ సుత్తి పట్టు చూసి పరదేశి నవ్వేవాడట, వీడూ మనవాడేరా, కీమేనే అని.

"నవ్వీవోడా?" అంది పైడమ్మ. చేట ఆగింది.

నవ్వేవాడు. అలా ఆగి నవ్వినందుకే దెబ్బలు తినేవాడు. వాళ్లకి కాపలా ఒక కుంటి ముసలోడు. ఆ ఊళ్లోనే పుట్టాడు. ఊరంటే వాడికి ప్రాణం. ఇది రాజుగారు కట్టించింది, ఇది అగ్గిలో కాలి మళ్లీ లేచింది అని సైగలతో చెబుతూ నడిపించేవాడు. తుపాకి గొట్టంతోనే చూపించేవాడు, దాని మడమతోనే కొట్టేవాడు. ఒకసారి దూలం మీద చెక్కిన అంకెలు చేత్తో తడిమినందుకు పరదేశి పన్ను ఊడగొట్టాడు. మర్నాడు అదే దూలం దగ్గర ఆపి, ఆ అంకెలు ఇల్లు కట్టిన సంవత్సరమని మట్టిలో గీసి చూపించాడు. నెత్తురు ఉమ్ముకుంటూనే పరదేశి తల ఊపాడు.

గోపురం దాటితే సంత వీధి. దాని మధ్యలో నీళ్ల తొట్టి, తొట్టిలో నిలువెత్తు రాతి చేప. దాని నోట్లోంచి ఎండాకాలం చలికాలం నీళ్లు పడుతూనే ఉంటాయి.

అక్కడితో దానయ్య ఆపేసేవాడు. డ్యూటీ ఉందనో, తల నొప్పనో లేచిపోయేవాడు. ప్రతిసారీ అక్కడే.

ఇలా రెండేళ్లు నడిచింది. సూరమ్మ చూస్తూనే ఉంది. కోడలికి ముప్పై నిండలేదు. వాళ్లలో మారుమనువు తప్పు కాదు. మొగుడి తరఫువాళ్లు ఒప్పుకుని, పెద్దల ముందు చీర పెడితే చాలు. దానయ్యనే అడిగింది. దానయ్య కాళ్లకేసి చూసుకుంటూ సరేనన్నాడు. ఎడారిలో పరదేశి ఆమె గురించి చెప్పిన మాటలు వినీ వినీ, ఆమెని మనసులో పెట్టుకున్నవాడే అతను. సూర్యారావు కూడా సంతోషించాడు, అన్న స్నేహితుడే కదా అన్నాడు. తనే వెళ్లి చీర తెచ్చాడు.

చీర పెట్టాల్సిన రోజు పొద్దుట పెద్దలు ఇంకా రాలేదు. దానయ్య చలవ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పైడమ్మ బయటికొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆయన జొరంతో కేంపులో పోయుంటే, నువ్వు చేప కాడ ఎందుకు ఆగిపోతావు?"

దానయ్య ఎప్పట్లాగే లేవబోయాడు, ఆమె దారివ్వలేదు.

"నన్ను అక్కడిదాకా నడిపించి తీసుకెళ్లు. నా పెనిమిటి ఎక్కడ పడున్నాడో సూపించు. అప్పుడు నీ సీర కట్టుకుంటాను."

అబద్ధం చెప్పొచ్చు. దానయ్యకి ఆ సంగతి తెలుసు. చేప పక్కన ఆసుపత్రి ఉందంటే సరిపోయేది. కానీ రెండేళ్లుగా రాయి రాయీ సరిగ్గా చెప్పిన దారి అది. అందులో లేని ఇల్లు కట్టడానికి నోరు రాలేదు. మళ్లీ కోట గుమ్మం దగ్గర్నుంచే ఎత్తుకున్నాడు.

ఈసారి చెప్పిన ఊరు వేరు. ఒక మధ్యాన్నం ఆకాశం నిండా విమానాలొచ్చాయి. ఇత్తడి మనిషి పన్నెండు కొట్టడం పూర్తి చెయ్యలేదు. గోపురం మోకాళ్ల మీద కూలబడ్డట్టు కూలింది. తోలు పనివాళ్ల వీధి గడ్డివాములా అంటుకుంది. ఖైదీలను తెచ్చి శవాలు తియ్యమన్నారు. నేలమాళిగల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉడికిపోయి ఉన్నారు. చెయ్యి పట్టుకుని లాగితే చెయ్యే వచ్చేది. కుంటి ముసలోడు వాళ్లలో తన కూతుర్ని వెతుక్కున్నాడు. ఒక కాలి జోడు దొరికింది. ఆ రోజు నుంచి వాడు దేన్నీ చూపించలేదు, కొట్టడం మాత్రం మానలేదు. పరదేశి మాత్రం ఆ బూడిదలోనే పాత దారిలో నడిచేవాడు. ఇక్కడ దూలం, ఇక్కడ గుమ్మం అంటూ, లేని మూల దగ్గర కూడా మూల తిరిగేవాడు.

పదిరోజుల్లో పట్టాలు మళ్లీ వేయించారు. ఫిరంగుల రైలొకటి వస్తోందని తెలిసింది. దానయ్య ఎవరికీ చెప్పకుండా వంపు దగ్గర ఫిష్ ప్లేటు బోల్టులు నాలుగూ విప్పేశాడు. పట్టానీ పట్టానీ కలిపి పట్టుకునే రేకులవి. అవి లేకపోతే వంపులో రైలు నిలవదు. విప్పి, బోల్టులు అక్కడే కంకరలో పడేసి వచ్చాడు.

సాయంత్రం వెనక్కి నడుస్తుంటే పరదేశి కళ్లు అలవాటుగా పట్టా మీదే ఉన్నాయి. బోల్టులు లేకపోవడం చూశాడు. దూరంగా పొగ కనిపించింది. పట్టా తప్పితే కీమేను రైలుకి ఎదురు పరిగెత్తాలి, ఎర్ర గుడ్డ ఊపాలి. రాయపూర్‌లో వాళ్లకి మేస్త్రీ మొదటిరోజు నేర్పేదదే. ఎవరి రైలు అన్నది ఆ పాఠంలో లేదు. పరదేశి మెళ్లోంచి ఎర్ర తువ్వాలు లాగి పరిగెత్తాడు. పారిపోతున్నాడనుకుని కుంటి ముసలోడు రెండుసార్లు కాల్చాడు, తగల్లేదు. పరదేశి తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు. రైలు ఆ వంపుకి ఇరవై గజాల దూరంలో ఆగింది. పరదేశి మోకాళ్ల మీద కూర్చుని, బోల్టులు వెతికి తెచ్చి, తనే బిగించాడు.

ఫిరంగుల వెనక నాలుగు పెట్టెలున్నాయి. నిండా ఆడవాళ్లు, పిల్లలు.

సిపాయిలు దిగి ఎవరు విప్పారని అడిగారు. ఎవరూ పలకలేదు. వరసలో నిలబెట్టి మొదటివాణ్ణి లాగారు. అది వెంకటస్వామి. రాతి చేప తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, తల నీళ్లలోకి వంచి వెనకనుంచి కాల్చారు. నీళ్లు ఎర్రబడి రోడ్డు మీదకి పొర్లాయి.

గుమ్మంలో నిలబడి వింటున్న సూర్యారావు కిందకి దిగాడు.

"మర్నాడు పొద్దుట పనికి పోతుంటే, చేప కాడ మావోళ్లంతా, తోటి కైదీలు, పరదేశి చుట్టూ మూగేరు," అన్నాడు దానయ్య. "నువ్వు రైలు ఆపకపోతే ఎంకటసామి బతికీవోడన్నారు. ఆళ్లకి కోపం ఆడి మీద. బోల్టులు విప్పినోడు ఎవుడని ఇంకా ఎవులూ అడగలేదు. అడుగుతారని నాకు బయం. ఆళ్లు అడక్కముందే నాను కొట్టీసేను. స్పానరుతో, చెవి ఎనక."

గొంతు తగ్గలేదు, పెరగలేదు.

"పడ్డాక మిగతావోళ్లు అందుకున్నారు. ఆడికి అర్దం కాలేదు. బోల్టులు బిగించీసేను కదరా, అన్నాడు నన్ను చూసి. అదే ఆకరి మాట."

సూర్యారావు చెయ్యి అరుగు పక్కనున్న గునపం మీద పడింది. పట్టాల కింద కంకర కదిపే ఆరడుగుల ఇనప గునపం. మొదటి దెబ్బ దానయ్య కుడి మోకాలి కింద తగిలింది. ఎండుకర్ర విరిగిన చప్పుడైంది. దానయ్య అరుగు మీద నుంచి దొర్లి కింద పడ్డాడు. రెండో దెబ్బ అక్కడే పడింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది, చలవ చొక్కా అంచు దాకా నెత్తురు చిమ్మింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. పక్క కోటేర్లవాళ్లు పరిగెత్తుకొచ్చి, సూర్యారావు మొహం చూసి దూరంగానే ఆగారు. మూడోసారి గునపం దానయ్య తల మీదకి లేచింది.

పైడమ్మ వచ్చి మధ్యలో నిలబడింది.

"సంపకు మరిదీ. ఆ దారి ఈడొక్కడికే తెలుసు."

గునపం గాల్లోనే ఆగింది. ఆమె దానయ్య తల దగ్గర గొంతుక్కూర్చుంది.

"చేప దాటేక ఎటు తిరగాలి?"

దానయ్య పళ్ల మధ్య నుంచి ఊపిరి లాగుతూ చెప్పాడు. చేప దాటాక కుడికి. మూడు పట్టాల పొడవు. కాలిన చర్చి, దాని వెనక పెరడు. పెరట్లో పైనుంచి పడ్డ రాతి సింహం ఉంది, ముందు కాళ్లు విరిగిపోయినది. దాని తల వైపు తవ్వారు. తువ్వాలు మొహం మీద కప్పారు.

"మళ్లీ సెప్పు. గుమ్మం కాడ్నుంచి."

మళ్లీ చెప్పాడు. రెండుసార్లు స్పృహ తప్పబోతే ఆమె చెంప మీద కొట్టి లేపింది. మూడోసారి అతను ఒక్కో మాట అంటుంటే ఆమె కూడా వెంట అంది. సూరమ్మ గోడకి ఆనుకుని పెదవులు కదుపుతూ ఉంది. గునపం పట్టుకున్న సూర్యారావు కూడా తనకి తెలీకుండానే కుడికి, మూడు పట్టాలు, అంటున్నాడు.

పైడమ్మ లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుంది.

"ఇంక నీ ఇష్టం మరిదీ," అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

అన్న ఉన్న చోటు ఇప్పుడు సూర్యారావుకీ తెలుసు. మొదట లేచిన చెయ్యి మళ్లీ లేవలేదు. గునపం గోడకి ఆనించి, ఇద్దర్ని పిలిచి, దానయ్యని ట్రాలీ మీద పడేసి ఆసుపత్రికి తోసుకెళ్లాడు. పట్టా జారి కాలి మీద పడిందని డాక్టరుతో చెప్పాడు. దానయ్య కూడా అదే చెప్పాడు. తెచ్చిన చీర సూర్యారావు మర్నాడు దుకాణంలో తిరిగిచ్చేశాడు.

కాలు వంకరగా అతికింది. నడిచే పని పోయింది. అభన్‌పూర్ వెళ్లే చిన్న లైను మీద గేటు దగ్గర కూర్చోబెట్టారు. రోజుకి నాలుగు బళ్లు. గేటు వెయ్యడం, తియ్యడం.

ఏడాది తరవాత ఒక ఆదివారం గేటు వేసి ఉండగా పైడమ్మ, సూరమ్మ వచ్చి అవతల ఆగారు. సంతకి పోతున్నట్టున్నారు. ముసలమ్మకి చూపు మందగించింది, కోడలి భుజం పట్టుకుని ఉంది. దారి చెప్పమని పోరుతున్నట్టుంది. పైడమ్మ మెల్లగా చెబుతోంది, గుమ్మం, తోలు పనివాళ్ల వీధి, గోపురం.

"చేప దాటేక ఎడమకి," అంది.

దానయ్య గేటు గొలుసు పట్టుకునే ఉన్నాడు.

"కుడికి," అన్నాడు.

పైడమ్మ అతని వైపు చూడలేదు.

"కుడికి, అత్తా," అని సరిచేసి చెప్పింది.

బండి వెళ్లిపోయింది. దానయ్య గేటు తీశాడు.