పదో రోజు కట్టిన ఇల్లు

మేస్త్రి భార్య పరంజా మీది నుంచి పడిపోయిన రోజు ఎవరికీ కూలి లేని రోజు. కూలి లేదు కాబట్టి ఆ పనికి కాంట్రాక్టరు లేడు. కాంట్రాక్టరు లేడు కాబట్టి ఆమె చావుకు జవాబు చెప్పవలసినవాడూ లేడు.

పొద్దున్నే సిమెంటు మాలు తట్ట నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకు ఎక్కింది. అక్కడ గోడ కడుతున్న భర్తకు తట్ట అందిస్తుండగా కాలి కింద చెక్క పక్కకు జరిగింది. అతను చెయ్యి చాచాడు. తట్ట దొరికింది. మనిషి దొరకలేదు.

పెద్దాసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. ఇటుకల లారీలో గోనె సంచులు పరిచి పడుకోబెట్టారు. ఆమె అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సగం దారిలో మేస్త్రి నెమ్మదిగా, "బండి మెల్లగా పోనిమ్మనండి, వదినా" అన్నాడు. ఇక తొందర లేదని అందరికీ తెలిసిపోయింది.

ఆ వాడ మొత్తం రాయి, ఇటుక, ఇనుము నమ్ముకుని బతికేది. దశమభాగం డబ్బుగా ఇవ్వగలిగినవాళ్ళు చర్చిలో డబ్బు ఇచ్చేవారు. ఇవ్వలేనివాళ్ళు రోజు ఇచ్చేవారు. తొమ్మిది రోజులు కాంట్రాక్టరుకి, పదో రోజు దేవుడికి. చర్చి గోడలు అలాగే లేచాయి. దానికి ఎవరూ బాధపడలేదు. తాము కట్టిన గోడల మధ్య తామే కూర్చుని పాడుకోవడంలో ఒక తృప్తి ఉండేది.

చర్చి పూర్తయ్యాక ఒక ఆదివారం పాస్టరు ప్రసంగం మధ్యలో ఆగాడు. ముందు వరసలో రాళ్ళు కొట్టే తాత ఆపకుండా దగ్గుతున్నాడు. పాస్టరు కిందికి దిగి వచ్చి తాత వీపు మీద చెయ్యి వేశాడు. "ఈ దుమ్ము మన మగవాళ్ళందర్నీ తింటోంది. మనకో ఆసుపత్రి కావాలి. మీరు మీ పదో రోజు ఇవ్వండి, నేను కట్టిస్తాను" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. మర్నాడే పునాది తవ్వారు.

గోడలు పెరిగేకొద్దీ అది ఆసుపత్రిలా లేదని కళ్ళకు కనబడుతూనే ఉంది. కళ్ళు చూసినదానికల్లా నోరు ఒక సాకు వెతికింది. పెద్ద వంటగది కట్టమంటే, రోగులు తినొద్దా అనుకున్నారు. ముందువైపు బాల్కనీ వేయమంటే, దగ్గేవాళ్ళకి గాలి తగలొద్దా అనుకున్నారు. పాలరాయి వచ్చినప్పుడు, కడగడం సులువని మేస్త్రి భార్యే చెప్పింది. రెండు కార్లు పట్టే షెడ్డు వేయమన్నప్పుడు ఆమె తమ్ముడు, కమ్మీలు వంచేవాడు, "ఒకటి అంబులెన్సుకి" అన్నాడు.

"మరి రెండోదో?" అని అడిగింది ఆమె.

"డాక్టరు నడిచొస్తాడేంటే అక్కా!"

పరంజా మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అందరికంటే ఆమె ఎక్కువ నవ్వింది. నమ్మకం ఉన్నవాళ్ళే అలాంటి పొరపాటు చేయగలరు.

సమాధి దగ్గర పాస్టరు బాగా మాట్లాడాడు. దేవుని పనిలో ప్రాణం విడిచిందనీ, అంత ధన్యమైన చావు రాజులకు కూడా దొరకదనీ అన్నాడు. మట్టి వేయడం అయ్యాక మేస్త్రి చేతులు దులుపుకుని దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యగారూ, ఒక్క మనవి. ఆసుపత్రికి మా ఇంటిదాని పేరు పెట్టించండి."

పాస్టరు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడు మేస్త్రీ, ముందు దేవుని సేవకుడికి ఒక నీడ ఉండాలి. పెద్దపెద్దవాళ్ళు వస్తుంటారు, అద్దె కొంపలో ఎలా కూర్చోబెడతాం? ఆసుపత్రికి దాని కాలం దానికి వస్తుంది. ప్రార్థన చెయ్యి. ఇంటి ప్రతిష్ఠ కూడికకి అందరినీ పిలిచేశాను, పై గోడ ఆలస్యం కానివ్వకు."

వదిన పక్కనే ఉండి విన్నది. ఇంటికి వచ్చాక ఆమె చెల్లెలి చీరలు మడత పెడుతూ, "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు" అన్నాడు మేస్త్రి. "దానికీ తెలుసు. ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే."

ఆ మాట వాడంతా పాకింది. ఆదివారం మధ్యాహ్నం ఇటుకల యార్డులో అందరూ కూడారు. ఇటుక దొంతరల మీద మగవాళ్ళు, నీడలో ఆడవాళ్ళు. బావమరిది అందరికంటే ముందు లేచాడు.

"తగలబెడదాం. గోడలు మిగిలినా ఆ తలుపులూ కిటికీలూ మిగలకూడదు."

"కూర్చోరా" అంది వదిన. "తగలబడేది ఎవడి చెమట? పోయినదాని చెమట కాదూ?"

"సేవకుడి జోలికి పోతే శాపం తగులుతుందమ్మా" అంది ఒక ముసలామె.

తాత దగ్గు ఆపుకుని, "కొత్త శాపం పెట్టడానికి నా రొమ్ములో చోటెక్కడుందే?" అన్నాడు. కొందరు నవ్వారు.

"అది కాదు, ఆయనకీ పెళ్ళాం పిల్లలు ఉన్నారుగా. ఆయన మాత్రం తినొద్దా?" అన్నాడు ఒక వడ్రంగి.

"తినమను. ఎవడొద్దన్నాడు? మనం తిన్నదే తినమను, మనం పడుకున్నచోటే పడుకోమను. మన పదో రోజు మీద మేడలెక్కి మనల్ని కిందికి చూడొద్దను" అంది వదిన.

మాటకు మాట పెరిగింది. దశమభాగం మానేస్తే దేవుణ్ణి దోచుకున్నట్టేనని ఒకరు, దోచుకున్నదెవరో ఇంకా తెలియలేదా అని ఇంకొకరు. చివరికి మేస్త్రి కూర్చున్నచోటి నుంచే మాట్లాడాడు.

"నేను ఇచ్చింది దేవుడికే. దాన్ని వెనక్కి అడగను. ఆయన పేరు చెప్పి తీసుకున్నది ఆయన పనికే వాడాలి. మనం ఆసుపత్రి అని కట్టాం. ఆసుపత్రిలో ఉండవలసింది రోగులు. తీసుకెళ్దాం."

"ముందు నన్ను మొయ్యండ్రా, నేనే పాత రోగిని" అన్నాడు తాత.

పై గోడ సగంలోనే ఉంది, అయినా ప్రతిష్ఠ రోజు వాకిట్లో కార్లు ఆగి ఉన్నాయి. లోపల పాట నడుస్తోంది. వీధి మలుపులో ముందు తాత మంచం కనబడింది, నలుగురి భుజాల మీద. దాని వెనక కాలు విరిగిన రాళ్ళ కూలీ, జ్వరం తగ్గని పసిదాన్ని ఎత్తుకున్న తల్లి, గోడలు పట్టుకుని నడిచే ముసలివాళ్ళు, వాళ్ళ వెనక వాడ వాడంతా. ఎవరూ కేకలు వేయలేదు. పనికి వచ్చినట్టే వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, పాలరాయి మీద చాపలు పరిచారు.

పాట ఆగిపోయింది. "ఇది దేవుని సేవకుడి ఇల్లు!" అన్నాడు పాస్టరు.

"అలాగైతే మరీ మంచిది, అయ్యగారూ" అంది వదిన, చాప సర్దుతూ. "రోగుల్ని బయటికి పొమ్మనరు కదా."

కొత్త బట్టల అతిథులు గోడకు అతుక్కుని నిలబడ్డారు. పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చిన అధికారి హాలంతా చూసి, "ఈ ఇంటితో మీకేం సంబంధం?" అన్నాడు.

"కట్టింది మేమే" అన్నాడు మేస్త్రి.

"కూలి తీసుకుని కట్టారు. అయిపోయిందిగా."

"తీసుకోలేదు."

అధికారి నవ్వాడు. "కూలి లేకుండా ఇంత మేడ ఎవడు కడతాడయ్యా?"

ఆ మాటకు మేస్త్రికి సిగ్గేసింది. వెనక నుంచి ఒక ఆడగొంతు "మేం కట్టాం" అంది. ఇంకొకరు అన్నారు. వడ్రంగి అన్నాడు. శాపం తగులుతుందన్న ముసలామె కూడా అంది. హాలు నిండా అదే మాట. పాట కోసం తెచ్చిన మైకు ఆ గొంతుల్ని వీధిలోకి మోసుకుపోయింది.

మేస్త్రిని, వదినను, బావమరిదిని జీపు ఎక్కించారు. తాత లేవనన్నాడు. "లేవగలిగితే నేను రోగినెందుకవుతాను, బాబూ?" అన్నాడు. మంచంతో సహా నలుగురు కానిస్టేబుళ్ళు మోసుకెళ్ళి వీధిలో దింపారు. జీపు కదులుతుంటే జనం అడ్డం కూర్చున్నారు. ఒక్కొక్కరినీ లాగి పక్కన పడేసే సరికి పొద్దు వాలింది.

ఆ తరువాత పదో రోజు వచ్చింది. తాపీ పట్టి ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. ఇంకో పదో రోజూ వెళ్ళలేదు. పక్క వాడల్లో, ఇంకో చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా మేస్త్రి వదిన జైలు నుంచి వచ్చిందని తెలిసి ఆమెను పిలిపించుకున్నారు. వాళ్ళ దగ్గరా ఇలాగే ఏదో లేస్తోందట. ఏమని కడుతున్నారో ముందు గట్టిగా అడగండి అని మాత్రం ఆమె చెప్పి వచ్చింది.

తాత ఆ చలికాలంలో పోయాడు. చర్చిలో గంట కొట్టలేదు. యార్డులో పని ఆపి అందరూ నడిచారు, జైలు నుంచి వచ్చిన మేస్త్రి శవపెట్టె ముందు పట్టాడు.

ఇప్పుడు పదో రోజు కూలి వాడవాళ్ళు తమలో తామే పోగుచేసుకుంటున్నారు. ఒక నర్సమ్మ యార్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, దగ్గుకు మందు ఇస్తుంది. వానొస్తే ఆ రోజు ఉండదు. మేడ ఎవరిదో తేలక కోర్టు తాళం కింద ఉంది. మేస్త్రి భార్య చావు మీద ఇంతవరకు ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పెద్దాసుపత్రి ఇంకా ఊరికి ఆ చివరే ఉంది. ఈ చివర ఆసుపత్రి కట్టవలసి ఉంది.