అట్ట వెనక మాట

వెలుతురు ఎడమ పక్క నుంచి పడింది, ఆ స్టూడియో పైకప్పులో అద్దం ఉండి ఉంటుంది, లేకపోతే ఆఫీసరు భుజం మీది జరీ పట్టీ ఇంత తేటగా రాదు, అనుకుంటూ శరణప్ప భూతద్దాన్ని ఇంకాస్త కిందికి దించాడు, వందేళ్లు దాటిన రష్యా ఫొటో, దళసరి అట్టకి అతికించింది, కుర్చీలో కత్తి మీద చెయ్యి వేసుకున్న మిలిటరీ ఆఫీసరు, పక్కన నిలబడి అతని భుజాన్ని తాకీ తాకకుండా భార్య, ముందు నావికుడి చొక్కా తొడిగిన పిల్లవాడు, ఇది నలభై మూడోది, నిన్ననే పోస్టులో వచ్చింది, మొదటిది ముప్ఫై ఏళ్ల కింద హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పలో దొరికింది, అప్పటి నుంచి రష్యా మిలిటరీ కుటుంబాల ఫొటోలు తప్ప ఇంకేవీ పోగు చెయ్యలేదు, ఎందుకని అడిగితే చెప్పలేడు, నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసి బతికేవాడికి ఆ వెలుగునీడల మీద మోజు, అంతే, ఎవరివో సచ్చినోళ్ల మొఖాలు ఇంట్ల ఎందుకయ్యా అని భార్య భాగమ్మ పోరు పెడితే అన్నీ స్టూడియోకే తెచ్చుకున్నాడు, సచ్చినోళ్లేంది, ఎంత బాగా కూర్చున్నారో చూడదు.

గుమ్మంలో మనుషుల అలికిడి, తలెత్తితే నాగల్‌గిద్ద ఊరి దేవప్ప, వెనక అతని కోడలు నర్మద, శరణప్పా, నీకు రష్యా అక్షరాలు వస్తయట గదా, ఫోన్ల కాయితం వచ్చింది, జర సదివి చెప్పు, అన్నాడు దేవప్ప నిలబడే, వస్తాయని కాదు, అట్టల వెనక రాతలు కూడబలుక్కోవడానికి నేర్చుకున్న నాలుగు ముక్కలు, అయినా ఏమిటి కాగితం, ధర్మేందర్‌దే అయి ఉంటుంది, దేవప్ప కొడుకు, నర్మద భర్త, పోయిన ఏడు ఇదే తెర ముందు ఇదే స్టూలు మీద కూర్చుని ఫొటో దిగాడు, రష్యాల గోదాం పని కాకా, రెండేండ్లే, మళ్లొస్త అన్నాడు, అక్కడ దిగాక ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకుని తుపాకీ ఇచ్చారని తర్వాత తెలిసింది, ఫొటో దిగిన రోజు తనేమన్నాడు, గడ్డం పైకెత్తమన్నాడు, ఇంకా ఏదో అన్నాడు, ఆ, అక్కడ పాత సామాన్ల దుకాండ్లుంటయి, గిసుంటి ఫొటో దొరికితే నాకొకటి పట్టుకరా అన్నాడు, వాడు నవ్వాడు, దొరికితే తెస్త కాకా అని, నవ్వకు, పాస్‌పోర్టుకు నవ్వొద్దు, అని కసిరాడు తను.

నర్మద ఫోను చేతికిచ్చింది, ఐదు నెలలాయె మాట్లాడక, మా ఆయన ఎంబడి పోయినాయన పంపిండు గిది, ఏం రాయలే, ఉత్త కాయితమే, అంది, లీవు ఇచ్చినట్టుండ్రు, గా గుండ్రం ముద్ర సూడు, సర్కారుదే, అంటున్నాడు దేవప్ప, ఫోన్ల దుకాణమాయన ఫోనుతోనే తెలుగుల చెప్పిస్త అన్నడు, జరసేపు సూసి నాకు సమజ్ అయితలేదని వాపసిచ్చిండు, అంటున్నాడు, అద్దం లేకుండానే కనిపిస్తోంది పేరు, ఒక్కో అక్షరమే, ధ, ర, మ, పేరు కింద తారీఖు, తారీఖు పక్కన ఐదు రష్యా అక్షరాల మాట, పగీబ్.

పగీబ్, ఈ మాట తెలుసు, కూడబలుక్కోనక్కర్లేదు, పదకొండో ఫొటో అట్ట వెనక ఊదా రంగు సిరాతో ఉంది, యుద్ధంలో చనిపోయాడని అర్థం, అర్థం కనుక్కున్న రోజు ఇంటికి పోయి భాగమ్మకి ఎంత సంబరంగా చెప్పాడు, అప్పటి నుంచి ఆ మాట ఉన్న అట్టల కోసమే ఎక్కువగా వెతికాడు, దాంతో కలిపి తొమ్మిది దొరికాయి, ఆ తొమ్మిదీ వేరే పెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి పెట్టాడు, దొరికిన ప్రతిసారీ, అవును, ప్రతిసారీ సంతోషపడ్డాడు.

అక్షరాలు మంచిగ కానొస్తలేవు దేవప్పా, అనేశాడు, సంగారెడ్డికి తీసుకపోతే ఎవరన్న సదువుతరేమో, దేవప్ప సరేనని తల ఊపాడు, ఆ ఊపులో కొంచెం ఊరట కూడా ఉంది, నర్మద మాత్రం ఫోను తీసుకోలేదు, ఫోను వంక చూడనే లేదు, నీకు గూడ తెల్వదా మామా, అంది శరణప్పనే చూస్తూ, దుకాణమాయన గూడ గిట్లనే సూసిండు నా దిక్కు.

పెట్టెలోని ఆ తొమ్మిదింటి మీదా ఆడచేతి రాతే, ఒత్తి రాసిన అక్షరాలు, రాయాలంటే ముందు ఆమెకు తెలియాలి, తెలియాలంటే ఎవరో ఒకరు ఆమె ఎదుట నిలబడి నోరు తెరిచి ఉండాలి, పక్కింటివాడో, పోస్టువాడో, అక్షరాలు వచ్చిన వాడెవడో, ఇన్నేళ్లూ ఆ మాటని అట్టతో పాటే పుట్టిన మచ్చలా చూశాడు తప్ప అది ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పవలసి వచ్చిన మాట అని ఒక్కసారీ తట్టలేదు, ఇప్పుడు ఆ వాడెవడో తనే, సంగారెడ్డిలో ఇంకెవరో కాదు, తనే, శరణప్ప స్టూలు ముందుకు జరిపాడు, కూసో బిడ్డా, నాకు తెలుసు, గా మాట నాకు తెలుసు.