ముందే పడే సొట్టలు

ఉదయం ఎనిమిదిన్నరకి చెల్లెలు స్టవ్ కట్టేసి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. కాసేపు వేణువు వినిపిస్తుంది, తర్వాత ఒక గొంతు 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అంటుంది, మళ్ళీ వేణువు.

పక్కగదిలో అక్క చక్రాల కుర్చీలో కూర్చుని జడ అల్లుకుంటోంది. జబ్బు చేసి కాళ్ళు పడిపోయాక ఎనిమిదేళ్లుగా ఆమె ఒక కళ్ళజోళ్ల కొట్టు వెనక గదిలో అద్దాలు అరగదీస్తోంది. పోయిన నెల కంటి ఆసుపత్రివాళ్ళు పిలిచారు. ఊరి చుట్టుపక్కల బడులకి వెళ్లి పిల్లల కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. ఒకటే షరతు, సొంత వాహనం ఉండాలి. దాని ఇన్సూరెన్స్ కాగితం సోమవారంలోగా చూపించాలి. ఆలోగా రాకపోతే వరసలో ఇంకొకరున్నారు.

వాహనం వచ్చింది. ఒక డ్రైవింగ్ స్కూలువాళ్ళు అమ్మేసిన పాత తెల్ల కారు. మెకానిక్ దానికి స్టీరింగ్ పక్కన ఒక లీవరు బిగించాడు. ముందుకి తోస్తే బ్రేకు, కిందికి వంచితే వేగం. అక్క వారంలో నేర్చేసుకుని, పరీక్ష పాసై లైసెన్సూ తెచ్చుకుంది. మిగిలింది ఇన్సూరెన్సే. అక్క పేరు మీద అడిగితే, మధ్యలో ఎనిమిదేళ్లు బండి నడపలేదు కాబట్టి రేటు ఎక్కువన్నారు. చెల్లెలి పేరు మీద అడిగితే, ఆమెకి ముందే ఒక కారుంది కాబట్టి రాయితీ అంతా దానికే పోయింది, రెండో కారుకి ఇవ్వలేమన్నారు.

వేణువు ఆగింది. లైన్లోకి ఒక అబ్బాయి వచ్చాడు.

"మోడిఫికేషన్ ఏమిటి మేడమ్?"

"బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తో నడిపేలా ఒక లీవరు."

"రేసింగ్ కోసమా?"

చెల్లెలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "కాదండీ. మా అక్క కాళ్ళు కదలవు."

"అయితే రేసింగ్‌లో రాదు మేడమ్, 'ఇతరములు'లో వస్తుంది. ఇతరములకి అరవై శాతం అదనం. గతంలో యాక్సిడెంట్లు?"

"జరిగినవి లేవు. జరగబోయేవి ముందే తెలుస్తాయి. ఈ కారుకి దెబ్బ తగిలే ముందురోజే సొట్ట పడుతుంది."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అంటే సొట్ట ముందు, దెబ్బ తర్వాత?"

"అవును."

"మరి దెబ్బ తగిలేనాటికి సొట్ట పాతదైపోతుంది కదా మేడమ్. పాత సొట్టకి క్లెయిమ్ రాదు."

"ఈ కారుకి పడేవన్నీ పాత సొట్టలే కదండీ."

"అదే చెబుతున్నాను మేడమ్."

"ఎప్పటికీ క్లెయిమ్ రాకపోతే, ఆ అరవై శాతం దేనికి కట్టాలి?"

"మోడిఫికేషన్‌కి మేడమ్."

చెల్లెలు ఫోను పెట్టేసి, గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఆ కారు సంగతి ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ కొత్తేం కాదు. ఏళ్ల తరబడి నేర్చుకునేవాళ్ల చేతుల్లో దెబ్బలు తిని తిని, అది ముందే సిద్ధమవడం అలవాటు చేసుకుంది. కొన్న మూడో రోజునే కుడివైపు ఒక గీత పడింది, సరిగ్గా సైకిల్ హ్యాండిల్ ఎత్తులో. చెల్లెలు ఎదురింటాయన దగ్గరికి వెళ్లి, "రేపు మీ సైకిల్ అటు గోడకి పెట్టుకుంటారా?" అని అడిగింది. ఆయన సరేనన్నాడు. మర్నాటి సాయంత్రానికి గీత లేదు. దెబ్బ తప్పితే సొట్టా గీతా వాటంతట అవే పోతాయి. తప్పకపోతే ఉండిపోతాయి.

"ఇంక వదిలెయ్యవే," అంది అక్క గుమ్మంలోకి వచ్చి. "గొంతు చూడు, ఎలా అయిపోయిందో. అద్దాలు అరగదీసుకుంటూ ఉంటాను. ఇప్పుడు నాకేం తక్కువైందని?"

"కిటికీ కూడా లేని గది అది. నువ్వు మాట్లాడకు."

"నీ మీద పడి బతుకుతున్నానని..."

"అక్కా, ఇంకొక్క కంపెనీ ఉంది. నన్ను విసిగించకు. విసిగించడానికి వాళ్ళున్నారు చాలు."

ఆ ఒక్క కంపెనీ చిన్నది. దాని మనిషి ఫోనులో ఏమీ తేల్చకుండా, బండి చూసి రిపోర్టు రాయడానికి శుక్రవారం సర్వేయర్ని పంపిస్తామన్నాడు.

సర్వేయరు శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. నలభై దాటిన మనిషి. చంకలో ఫైలు, మొహంలో పొద్దుట్నుంచి పేరుకున్న విసుగు. తన కారుని గేటు బయట నిలిపి లోపలికొచ్చాడు. అది వంకాయ రంగు కారు. ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదు. బోర్డులు రాసే బావమరిది మిగిలిన రంగంతా కలిపి వేసిపెట్టాడట.

ఆయన తెల్ల కారు చుట్టూ తిరిగాడు. లీవరు కదిపి చూశాడు, అక్కని కూర్చోబెట్టి వీధి చివరిదాకా నడిపించాడు. "బాగానే నడుపుతున్నారు," అని బానెట్ మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. 'సొట్టలు: లేవు' అని రాసి చుక్క పెట్టాడో లేదో, రేకు డబ్బా మీద కాలు పడినట్టు చప్పుడైంది. ఎడమవైపు వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది. చిన్న సొట్ట కాదు. పెద్ద గిన్నె బోర్లించినంత.

"ఇప్పుడే లేవని రాశానండీ," అన్నాడాయన నీరసంగా.

"మీరు వెళ్లేదాకా ఆగలేకపోయింది," అంది చెల్లెలు. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో ఆమెకే తెలియలేదు. "ఇప్పుడేమంటారు? కుదరదంటారు, అంతేనా?"

"సొట్ట ఉండగా నా రిపోర్టు పైకి వెళ్లదమ్మా."

రాసింది కొట్టేసి, కొలవడానికి ఆయన వెనక తలుపు దగ్గర గొంతుకూర్చున్నాడు. టేపు సాగదీసినవాడు అలాగే ఆగిపోయాడు. సొట్ట మధ్యలో తెల్ల రంగు మీద ఇంకేదో రంగు అంటుకుని ఉంది. గోటితో గీకి, వేలు వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు. తర్వాత తల తిప్పి గేటు బయటున్న తన కారుకేసి చూశాడు.

"రేపు పదింటికి బండిని మా ఆఫీసుకి తెమ్మన్నాను కదూ, ఇంజను నంబరు అచ్చు తీయడానికి," అన్నాడు.

"అవునండీ," అంది అక్క.

"మీరు గేటు పక్కన నిలుపుతారు."

"ఇంకెక్కడుందండీ చోటు అక్కడ?"

ఆ ఆఫీసు ఒక ఏటవాలు వీధికి అడుగున ఉంటుంది. పైనుంచి దిగే బండి ఏదైనా గేటు దగ్గర బ్రేకు తొక్కి తీరాలి.  సర్వేయరు టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "రేపు రండి. ఏమైనా సరే రండి," అన్నాడు. వెళ్లేటప్పుడు తన కారుని నడక కంటే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లాడు.

శనివారం పదికి అయిదు నిమిషాల ముందే అక్క ఆఫీసు గేటు పక్కన బండి నిలిపింది. పక్కన చెల్లెలు కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సొట్ట సొట్టలాగే ఉంది. సర్వేయరు వీధి పైనుంచి నడిచొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"మెకానిక్‌ని ఇంటికి పిలిచి బండి అప్పగించొచ్చాను," అన్నాడు. మెట్టు మీద కూర్చోబోతుంటే ఫోను మోగింది.

అవతలివాడి గొంతు కార్లోకి కూడా వినిపించింది. "బ్రేకు గొట్టం తుప్పు పట్టి పగిలింది సర్. ఆయిల్ అడుగంటింది. రాత్రంతా కారినట్టుంది. నన్ను ఇంటికి పిలిచారు కాబట్టి సరిపోయింది. పొద్దున్న తీసుంటే మీ ఆఫీసు వాలు దాకా ఎలాగో వచ్చేవారు, ఆ తర్వాత..."

అప్పుడే వెనక తలుపు టప్‌మని బయటికొచ్చింది. అంటుకున్న రంగు కూడా లేదు. సర్వేయరు ఆ తలుపుకేసి చూస్తూ, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, మెట్టు మీద కూర్చున్నాడు. చెల్లెలు దిగి మంచినీళ్ల సీసా ఇచ్చింది.

"ఈ వేళకి మీ కార్లో ఎవరెవరు ఉండేవారు?" అడిగింది అక్క.

"శనివారాలు మా పిల్లలిద్దర్నీ ఈతకి తీసుకెళ్తాను. దారిలో ఇక్కడ ఆగి ఫైళ్లు పడేసి..." ఆయన సీసా మూత తీయలేకపోయాడు. చెల్లెలే తీసిచ్చింది. "ఇవాళ వాళ్ళమ్మ బస్సులో తీసుకెళ్లింది."

కాసేపటికి లేచి, ఇంజను నంబరు అచ్చు తీసుకుని, కొత్త కాగితం మీద సొట్టల దగ్గర 'లేవు' అని రాశాడు. తర్వాత తనే తన కంపెనీ పెద్దాఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఆయన్ని ఇరవై నిమిషాలు లైన్లో నిలబెట్టారు. ఎవరో ఎత్తి, రెండో కారు, మోడిఫికేషన్, అదనం అని మొదలుపెట్టారు.

"సర్, పదహారేళ్ల నుంచి దెబ్బలు తగిలాకే వెళ్తున్నాను నేను," అన్నాడు సర్వేయరు. గొంతు పెంచలేదు. "ఈ ఊళ్ళో ఇంతకంటే క్షేమమైన బండి నేను చూడలేదు. లీవరు గట్టిగా ఉంది, నడిపే మనిషి గట్టిగా ఉంది. అదనం తీసెయ్యండి. లేదా మీరే వచ్చి చూసి, ఎందుకు వెయ్యాలో నాకు రాసివ్వండి."

శనివారం పూట ఇంత దూరం ఎవరొస్తారు? అదనం తీసేశారు. మామూలు కారుకయ్యే ప్రీమియానికే పాలసీ వచ్చింది. సోమవారం అక్క ఆ కాగితం చూపించి ఉద్యోగంలో చేరింది.

కానీ అది సోమవారం మాట. ఆ శనివారం కాగితం చేతికొచ్చేసరికి పదకొండున్నర అయింది. సర్వేయరు బస్టాపు వైపు బయల్దేరబోయాడు.

"ఎక్కండి, ఈత దగ్గర దింపుతాను," అంది అక్క. "ఇప్పటినుంచీ అమల్లో ఉన్నట్టే కదా?"

"ఉంది," అని ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు.

పిల్లలిద్దరూ తడి జుట్టుతో, చెప్పులు టపటపలాడిస్తూ వాళ్ళమ్మ వెనక బయటికొస్తున్నారు. నాన్న తెలియని కార్లోంచి దిగడం చూసి పెద్దది ఆగింది.

"మన కారేది నాన్నా?"

ఆయన వీధి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, దాని భుజం మీది తువ్వాలు తీసుకుని తల తుడవడం మొదలుపెట్టాడు. అది పూర్తిగా ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. చిన్నది తన వంతు కోసం పక్కన వచ్చి నిలబడింది. అక్క ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వాళ్ల కోసం ఆగింది.